జొన్న రొట్టె మంచిదే, కాని వట్టి రొట్టె కాదు
తార్నాక పరిశోధన చెప్పిన సంగతి

ఎల్.బి.నగర్:

విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు వచ్చి కలిసే ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు దిగి, సాయంత్రం పూట కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళేవారికి రోడ్డు పక్కన జొన్న రొట్టెలు కాల్చే పొయ్యిలు కనిపిస్తాయి. పైన మెట్రో రైలు, కింద చేత్తో రొట్టె తట్టే ఆడవారు. రొట్టె కోసం నిలబడినవారిలో ఎక్కువమంది షుగరు జబ్బున్న ఉద్యోగస్తులు, పెన్షనుదారులు. ఒకనాడు కూలీనాలీ చేసుకునేవారి తిండి అని చిన్నచూపు చూసిన జొన్న, నేడు డాక్టర్లు చెప్పి తినిపించే తిండి అయింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన తరువాత ఈ గిరాకీ ఇంకా పెరిగింది.

అయితే ఇదే జొన్న ఒకప్పుడు దక్కను పీఠభూమి మీది పేద కూలీలకు ఒక భయంకరమైన జబ్బును తెచ్చిపెట్టిందనే సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. ఆ జబ్బు గుట్టు విప్పడానికి ఏళ్ళ తరబడి పరిశోధన జరిగిన చోటు కూడా దూరమేమీ కాదు. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ మీదుగా వెళితే వచ్చే తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. జొన్న మళ్ళీ ఇంటింటికీ వస్తున్న ఈ రోజుల్లో ఆ పరిశోధన ఏం చెప్పిందో పల్లెవాసులు తెలుసుకోవడం అవసరం.

తోలు నల్లబడే జబ్బు

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇటలీ భాషలో గరుకు తోలు అని అర్థం. ఎండ తగిలే చోటల్లా, అంటే ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ తోలు మొదట కందిపోతుంది. తరువాత నల్లబడి, మందమెక్కి, పొలుసులుగా ఊడిపోతుంది. కుడిచేతికి వచ్చినట్లే ఎడమచేతికీ వస్తుంది. మెడ చుట్టూ హారం వేసినట్లు మచ్చ కడుతుంది. నోరు పూసి, నాలుక ఎర్రబారి, కారం తగిలితే భరించలేని మంట పుడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే నిద్ర ఉండదు, దిగులు, మతిమరుపు, చివరకు మతి తప్పడం. వైద్యం అందకపోతే ప్రాణానికే ముప్పు.

ఈ జబ్బును 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ మొదటిసారి వర్ణించాడు. అక్కడ అది మొక్కజొన్న మీదనే బతికే పేద రైతుల జబ్బు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలాది మంది దీని పాలబడ్డారు. అంటువ్యాధి అని అందరూ భయపడుతున్న కాలంలో, 1915లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు మిసిసిపీ రాష్ట్రంలోని జైలు ఖైదీలకు వారి ఒప్పుదల మీద మొక్కజొన్న పిండి వంటి నాసి తిండి మాత్రమే పెట్టి చూశాడు. నెలల్లోనే వారిలో కొందరికి జబ్బు లక్షణాలు కనిపించాయి. ఇది అంటురోగం కాదు, తిండి లోపం అని అట్లా రుజువైంది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, కుక్కలకు ఇదే విధంగా వచ్చే నల్లనాలుక జబ్బు నికోటినిక్ ఆమ్లం ఇస్తే నయమవుతుందని కనుగొన్నాడు. బి విటమిన్ల జాతికి చెందిన ఈ పదార్థాన్నే నయాసిన్ అంటున్నారు. పొగాకులోని నికోటిన్‌తో జనం పొరబడకుండా ఉండేందుకే ఈ కొత్త పేరు పెట్టారు.

కుదరని లెక్క

1918లో తమిళనాడులోని కూనూరులో ఒక్క గదిలో మొదలైన పోషకాహార పరిశోధనాలయాన్ని 1958లో హైదరాబాదుకు తరలించారు. 1969లో దానికే జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చింది. తార్నాకలో పని మొదలుపెట్టిన కొద్ది కాలానికే అక్కడి శాస్త్రజ్ఞుల ముందుకు ఒక చిక్కుముడి వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రులకు పెల్లాగ్రా రోగులు వస్తున్నారు. వారెవరూ మొక్కజొన్న తినేవారు కాదు. రెండు పూటలా జొన్న రొట్టె, జొన్న గట్క తిని పొలంలో పనిచేసే కూలీలు.

ఇక్కడ లెక్క కుదరలేదు. ఇదే సంస్థ 1971లో వెలువరించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల జొన్నలో నయాసిన్ 3.1 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 1.9 మిల్లీగ్రాములు మాత్రమే. మాంసకృత్తులు చూసినా జొన్నలో 10.4 గ్రాములు, బియ్యంలో 6.8 గ్రాములు. కాగితం మీద చూస్తే బియ్యం తినేవాడికి రావలసిన జబ్బు జొన్న తినేవాడికి వస్తున్నది. విటమిన్ ఎక్కువ ఉన్న గింజ తిన్నా విటమిన్ లోపం ఎందుకు కలుగుతున్నది? డాక్టర్ కొలత్తూరు గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా పట్టుకున్న ప్రశ్న ఇదే.

ఇటుకలు, మేస్త్రీ

వారి జవాబు అర్థం కావాలంటే మాంసకృత్తుల గురించి నాలుగు మాటలు తెలియాలి. ఇల్లు ఇటుకలతో కట్టినట్లే, మన కండలు, తోలు, నెత్తురు మాంసకృత్తులతో, ఆ మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న ఇటుకలతో కట్టి ఉంటాయి. ఇవి ఇరవై రకాలు. వీటిలో కొన్నింటిని శరీరం తనకు తానే తయారుచేసుకోగలదు. తొమ్మిది రకాలు మాత్రం తిండి ద్వారానే రావాలి. మేస్త్రీ ఎంత పనివాడైనా మూలకు పెట్టవలసిన ఇటుక లేకపోతే గోడ ఆగిపోతుంది. శరీరం పద్ధతి కూడా అంతే. ఒక్క రకం తక్కువపడినా, మిగతావి కుప్పగా ఉన్నా పూర్తి పని జరగదు.

ఈ ఇటుకల్లో ట్రిప్టోఫాన్ అనేది ఒకటి. శరీరం దీనిని కొంత మేరకు నయాసిన్‌గా మార్చుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నయాసిన్ తయారవుతుంది. పాలల్లో నయాసిన్ చాలా తక్కువ ఉన్నా, పాలు తాగేవారికి పెల్లాగ్రా రాకపోవడానికి కారణం అందులోని ట్రిప్టోఫానే. లూసిన్ అనేది మరొక ఇటుక. జొన్నలోని మాంసకృత్తుల్లో ఇది మిగతా ధాన్యాల కంటే చాలా ఎక్కువ. బియ్యపు మాంసకృత్తుల్లో నూటికి సుమారు 8 పాళ్ళు లూసిన్ ఉంటే, మామూలు జొన్న రకాల్లో 13, 14 పాళ్ళ దాకా ఉంటుంది.

లూసిన్ అతిగా చేరడం వల్ల ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారి దెబ్బతింటున్నదని గోపాలన్, శ్రీకాంతియాలు భావించారు. 1960లో లండన్ నుంచి వెలువడే ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఈ సంగతి ప్రకటించారు. లోపం ఒక్కటే జబ్బుకు కారణం కానక్కర లేదు, ఒక పదార్థం మరొక దానిని మించిపోయి సమతూకం తప్పినా జబ్బు రావచ్చునన్నది ఆ రోజుల్లో కొత్త మాట.

కుక్కపిల్లల సాక్ష్యం

తరువాత పదిహేనేళ్ళ పాటు తార్నాకలో ఈ మాటను పరీక్షకు పెట్టారు. డాక్టర్ భవానీ బెలవాడి, ఆమె సహచరులు కుక్కపిల్లలకు జొన్న ఆహారం పెట్టి చూడగా వాటికి నల్లనాలుక జబ్బు వచ్చింది. మామూలు మేతలో విడిగా లూసిన్ కలిపి పెట్టినా అదే జబ్బు వచ్చింది. లూసిన్ తక్కువ ఉన్న జొన్న రకాలు పెట్టిన కుక్కపిల్లలు బాగానే ఉన్నాయి. మనుషులకు లూసిన్ ఇచ్చి మూత్రం పరీక్షించినప్పుడు, ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారిలో పుట్టే ఒక పదార్థం ఎక్కువగా బయటికి పోతున్నట్లు కనబడింది. లూసిన్‌కు జోడీ వంటి ఐసోలూసిన్ అనే ఇటుక ఇస్తే రోగులకు గుణం కనిపించినట్లు డాక్టర్ కమలా కృష్ణస్వామి, గోపాలన్ 1971లో తెలిపారు. లూసిన్ కలిగించే మార్పులను బి-6 విటమిన్ సరిచేయగలదని 1976లో వెలువడిన మరో పరిశోధన సూచించింది.

ఇతర దేశాల పరిశోధకులు అందరూ దీనిని ఒప్పుకోలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఇంగ్లండు, అమెరికాల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో లూసిన్ ఎక్కువ పెట్టినా నయాసిన్ తగ్గలేదు. లూసిన్ ఒక్కటే దోషి కాదు, బి-6 వంటి ఇతర విటమిన్లు కూడా తక్కువైన పేదవాడి ఒంట్లోనే అది కీడు చేస్తుందని ఇప్పుడు పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వాదం ఎట్లా ఉన్నా రైతుకూలీకి పనికివచ్చే మాట మాత్రం మారలేదు. జొన్న తిన్న ప్రతివాడికీ ఈ జబ్బు రాలేదు. పాలు, పప్పు, మాంసం ఏదో ఒకటి దక్కిన ఇంటికి రాలేదు. జొన్న తప్ప మరొకటి దొరకని ఇంటికే వచ్చింది.

గంధకం చేసే పని

ఇటుకల్లో గంధకం ఉన్నవి రెండు ఉన్నాయి. ఒకటి మెథియొనిన్, రెండవది సిస్టీన్. వెంట్రుక నిప్పులో పడితే వచ్చే ఘాటైన వాసన, కుళ్ళిన గుడ్డు కంపు, రెండూ ఈ గంధకానివే. జుట్టుకు, గోళ్ళకు గట్టిదనం ఇచ్చేది సిస్టీన్. ఒంట్లో చేరిన విషపదార్థాలను విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం తయారీకి కూడా ఇదే కావాలి.

అట్లా అని గంధకం పొడి మింగితే మనిషికి ఈ ఇటుకలు రావు. మొక్క నేలలోని గంధకాన్ని వేళ్ళతో పీల్చి మెథియొనిన్‌గా, సిస్టీన్‌గా మార్చితే, ఆ గింజ తిని మనిషి పొందుతాడు. ఆవు, గేదె, మేకల వంటి నెమరు వేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు కూడా ఈ పని చేయగలవు. వేరుశనగకు పూత దశలో జిప్సం వేయమని వ్యవసాయ శాఖవారు చెప్పడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. జిప్సంలో కాయకు కావలసిన సున్నంతో పాటు గంధకం కూడా ఉంటుంది.

ఇక ఇక్కడే మన పెద్దల తిండి అలవాటులోని తెలివి బయటపడుతుంది. జొన్నలో లైసిన్ అనే ఇటుక తక్కువ, గంధకపు ఇటుకలు కొంత మెరుగు. కంది, పెసర, శనగ పప్పుల్లో లైసిన్ పుష్కలం, గంధకపు ఇటుకలు తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. నువ్వుల్లో మెథియొనిన్ బాగా ఉంటుంది. రొట్టెలో నువ్వులు అద్దడం, నువ్వుల పొడి నంజుకోవడం రుచికోసమే అనుకుంటాము గాని, ఒంటికి కూడా లాభమే.

పశువును చంపే నాము

అమైనో ఆమ్లం, గంధకం కథ రైతు ఇంటి పశువుల కొట్టం దాకా వస్తుంది. లేత జొన్న పైరు మేసి గొడ్లు పడిపోవడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. దీన్నే నాము విషం అంటారు. జొన్న మొక్క టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ధుర్రిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. పురుగులు తినకుండా అది మొక్క పెట్టుకున్న కంచె. పశువు ఆకును నమిలినప్పుడు అందులో నుంచి సయనైడ్ విషం పుడుతుంది. నెత్తురులో ప్రాణవాయువు ఉన్నా శరీరం వాడుకోలేకుండా చేస్తుంది. అందుకే ఈ విషం సోకిన పశువు నెత్తురు మామూలు కంటే ఎర్రగా కనిపిస్తుంది. ఆయాసం, నోటి వెంట నురగ, వణుకు, చివరకు కూలబడటం, ఇదంతా కొద్ది నిమిషాల నుంచి కొద్ది గంటల్లో జరిగిపోతుంది.

దీనికి విరుగుడు గంధకమే. కొద్దిపాటి సయనైడ్‌ను శరీరంలోని ఒక ఎంజైము గంధకంతో జతచేసి, హాని తక్కువైన థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపుతుంది. విషం ఎక్కువైనప్పుడు ఒంట్లోని గంధకం చాలదు. పశువైద్యులు నరానికి ఎక్కించే సోడియం థయోసల్ఫేట్ ఆ గంధకాన్ని అందించే మందే. దానితో పాటు సోడియం నైట్రైట్ కూడా ఇస్తారు. ఈ మందుల మోతాదు తప్పితే అదే ప్రమాదం కనుక వైద్యుని చేతనే ఇప్పించాలి, సొంత వైద్యం పనికిరాదు.

మందు కంటే జాగ్రత్త మేలు. పూతకు రాని లేత జొన్నలో పశువులను వదలరాదు. వాన లేక వాడి గిడసబారిన పైరు, కోత తరువాత మోళ్ళ నుంచి వచ్చిన పిలకలు, బెట్ట తరువాత వాన పడి కొత్తగా చిగిర్చిన పైరు ఇంకా ప్రమాదం. కోసి బాగా ఎండబెట్టిన చొప్పలోను, పాతర వేసిన మేతలోను విషం తగ్గుతుంది. పండిన గింజను దంచి, విసిరి, వండి తినే మనిషికి ఈ నాము భయం లేదు.

జబ్బు ఎట్లా తగ్గింది

పెల్లాగ్రా నేడు మన ఊళ్ళలో అరుదు. మందుతో ఊరూరా తిరిగి దీనిని పారదోలినవారు లేరు. మారింది పళ్ళెం. కాలువలు, బోర్లు వచ్చి వరి పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చిన తరువాత పేద ఇళ్ళలో కూడా జొన్న స్థానంలోకి అన్నం వచ్చింది. ఇంటిలో మరో ధాన్యం చేరడంతో జొన్న ఒక్కదాని మీదనే బతకవలసిన అవసరం తప్పింది.

అయితే పూర్తిగా పోయిందని నిశ్చింతగా ఉండరాదు. తిండి మాని సారా, మద్యం మీద పడినవారికి ఈ జబ్బు నేటికీ వస్తున్నది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్ర బి-6 విటమిన్‌ను తగ్గిస్తుంది కనుక, ఆ మందు వాడుతూ తిండి సరిగా లేనివారికి కూడా రావచ్చు. అందుకే క్షయ రోగులకు డాక్టర్లు బి-6 మాత్ర కూడా ఇస్తారు. దానిని మానరాదు. రెండు చేతుల మీద ఒకే తీరుగా తోలు నల్లబడి, నోరు పూసి, విరేచనాలు పట్టుకుంటే ఎండదెబ్బ అనో, గాలి సోకిందనో ఊరుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. నికోటినమైడ్ మాత్రలు పెద్ద ఖర్చు కావు. సకాలంలో మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే నోటి మంట, విరేచనాలు తగ్గుముఖం పడతాయి. మతి తప్పినట్లున్న మనిషిని భూతవైద్యుల వద్దకు తిప్పి కాలం పోగొట్టుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

పళ్ళెంలో ఏముండాలి

గోపాలన్ 1974 దాకా తార్నాక సంస్థకు నాయకత్వం వహించి, ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. నూరేళ్ళు నిండి 2019 అక్టోబరు 3న కన్నుమూశారు. తన పరిశోధనలో జొన్న మానమని ఆయన చెప్పలేదు. లూసిన్ తక్కువ ఉన్న రకాలను ఎంచి పండించాలని, ఒక్క ధాన్యం మీదనే బతికే దుస్థితి పేదవాడికి తప్పాలని కోరారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రొట్టె కొనుక్కుపోయే ఉద్యోగి ఇంటికి వెళ్ళి పప్పు, ఆకుకూర, పెరుగుతో తింటాడు. అతనికి జొన్న మేలే చేస్తుంది. పీచు ఉన్నందున కడుపు నిండుగా ఉంటుంది. షుగరు ఉన్నవారు రొట్టె తింటున్నామని మందులు మాత్రం ఆపరాదు. వట్టి కారంతో రెండు పూటలా రొట్టె తిని పనికి వెళ్ళే మనిషికి మాత్రం పాత ప్రమాదం ఇంకా పొంచి ఉన్నట్లే.

దానికి విరుగుడు కూడా పల్లెలోనే ఉన్నది. 100 గ్రాముల పల్లీల్లో నయాసిన్ 19.9 మిల్లీగ్రాములు, అంటే జొన్నలో కంటే ఆరు రెట్లు. గుప్పెడు పల్లీలు నూరి చేసిన తొక్కు, చెంచాడు నువ్వుల పొడి, గిన్నెడు పప్పు, వీలైతే గ్లాసు మజ్జిగో, గుడ్డో ఉంటే జొన్న రొట్టెకు ఏ లోటూ ఉండదు. చేను గట్టున నాలుగు సాళ్ళు కంది, నువ్వు వేసుకునే పాత అలవాటును జొన్న రైతులు వదలకుండా ఉంటే, ఆ పళ్ళేనికి కావలసినవి అంగడిలో కొనవలసిన అవసరం కూడా చాలావరకు ఉండదు. బడికి వెళ్ళే పిల్లలకు, బాలింతలకు, ఇంటిలో చివరగా తినే ఆడవారికి ఇవి ముందుగా అందేటట్లు చూడటం ఇంటి పెద్దల బాధ్యత.